సాక్సు కత్తి

జర్మనీ డాక్టర్ "సాక్స్" కావాలన్నప్పుడు కాళ్లకు తొడుక్కునేవనుకున్నాను. సౌదీలో, ఈ ఉనైజాలో, కమ్మరి కొట్టుకు వచ్చి సాక్సులడుగుతాడేమిటి, ఈయనకేమైనా పిచ్చా? తీరా కాగితం విప్పితే కత్తి బొమ్మ. వాళ్ల దేశంలో పన్నెండు వందల ఏళ్ల కింద మగవాళ్లు నడుముకు కట్టుకునేవారట. అంచు తిన్నగా ఉండి, వీపు మాత్రం కొస దగ్గర విరిగినట్టు దిగుతుంది. అచ్చం అలాంటిదే చేసిపెట్టమన్నాడు.

"మా తాత కత్తికి సుట్టం లెక్కనే ఉన్నది," అని కమ్మరి మొండయ్య మురిసిపోయాడు.

మొండయ్యది జగిత్యాల వైపు. ఫ్యాక్టరీ కొడవళ్లొచ్చి ఊళ్లో కొలిమి ఆరిపోతే గొర్రెల కాపరి వీసా మీద వచ్చాడు. చేతిలో పనితనం చూసి, వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఈ కొట్టులో కూర్చోబెట్టాడు. ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు, ఇకామాలో మాత్రం 'కాపరి' అలాగే ఉంది. దాన్ని 'హద్దాద్', అంటే కమ్మరి, అని మార్పిస్తానన్న ఆ కఫీల్ పెద్దమనిషి, కాగితాలు సరిచేసుకోమని సర్కారు పెట్టిన నితాకత్ గడువును రేపు మాపంటూ దాటించాడు. నాకు ఒళ్లు మండేది. మొండయ్య ఆ ఒక్క మాట కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నాడు.

కత్తి పూర్తయిన రోజే తనిఖీవాళ్లొచ్చారు. నేను నడిపే నీళ్ల ట్యాంకర్ ఆపి వాళ్లకంటే ముందు లోపలికి పరుగెత్తాను.

"అన్నా, నువ్వు కాపరివి, ఊరికే కూర్చోనుండావు, అంతే. నోరు మెదపొద్దు."

అధికారి బల్ల మీది కత్తి తీసి, ఎవరు చేశారన్నాడు. "సీనీ," అన్నాను, చైనా సరుకని.

మొండయ్యకు వచ్చిన పది అరబ్బీ మాటల్లో అదొకటని మరిచాను. రైతులు పనికిరాని కొడవలిని విసిరికొడుతూ అనే మాట అది.

"సీనీయా?" మొండయ్య దిగ్గున లేచాడు. "అనా సవ్వీ! నేను జేసిన!" పిడి దగ్గర తన ఇంటి గుర్తు, మూడు చుక్కలు, చూపించాడు. గోడకు వేలాడే కొడవళ్లన్నిటి మీదా అవే చుక్కలు.

నాకు ఏడుపొచ్చింది. కఫీల్‌కు నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

"ఏం జెయ్యాలె సుభాన్, నోరు ఆగలే," అన్నాడు మొండయ్య.

అధికారి కాగితం రాసి, చదివి వినిపించమని నాకిచ్చాడు. పట్టుబడినప్పుడు చేస్తున్న పని: హద్దాద్. దేశం నుంచి పంపివేయాలి.

"ఏం రాసిండు?"

"ఇంటికి పంపిస్తారంట." ఆగి, "కమ్మరి అని రాసినాడన్నా," అన్నాను.

"యాడ? సూపెట్టు."

చూపించాను. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత సరిగ్గా దాని పక్కనే వేలిముద్ర వేశాడు.