నేను లేని రెండేళ్ళ హాజరు

గల్ఫ్‌లో ఒక బడి నన్ను లెక్కల టీచరుగా తీసుకుంటానంది. ఆ దేశం పని అనుమతి ఇవ్వాలంటే బీఎడ్ ఉండాలి, ఐదేళ్ళు పాఠాలు చెప్పినట్టు రుజువు ఉండాలి. నాకేం, రెండూ ఉన్నాయి కదా అని ధీమాగా కాగితాలన్నీ భవానీపూర్‌లో ఇలాంటి పనులు చూసే బెంగాలీ ఏజెంటు దాదా చేతిలో పెట్టాను. నెల తిరక్కుండానే ఆయన ఫోన్ చేశాడు.

"దీదీ, మీరు ఒకేసారి రెండు ఊళ్ళలో ఎలా ఉన్నారు?"

గల్ఫ్‌వాళ్ళు అడిగిన ప్రశ్న అదేనట. బీఎడ్ సర్టిఫికెట్ ప్రకారం ఆ రెండేళ్ళూ నేను విజయనగరంలో రోజూ కాలేజీకి వెళ్ళాను. అనుభవ పత్రం ప్రకారం అదే రెండేళ్ళు ఖిదిర్‌పూర్‌లోని మా తెలుగు బడిలో పాఠాలు చెప్పాను. ఏదో ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో చెప్పకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. ఆ అనుభవ పత్రాన్ని నేను పూర్తిగా చదవనేలేదు. "సత్ప్రవర్తన గలది, మంచి కుటుంబంలో పుట్టినది" అన్న మొదటి వాక్యానికే మురిసిపోయి మడతపెట్టేశాను. ప్రశ్న మొత్తం చదివి జవాబు రాయండర్రా అని పిల్లల మీద రోజూ అరిచేదాన్ని నేనే.

పత్రం రాసింది మా హెడ్మాస్టారు. అప్పట్లో జీతం లేని సెలవు పెట్టి చదువుకి బయల్దేరుతుంటే, "నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు, ఎల్లు" అన్నారు. ఎలా పోదో నేనడగలేదు. ఇప్పుడు అడగాలనిపించింది. సగం కోపం, సగం కుతూహలం. మర్నాడు బడి వదిలాక, గల్ఫ్‌వాళ్ళు అడిగింది చెప్పి, పాత హాజరు రిజిస్టర్ చూపించమన్నాను.

ఆయన బీరువా తీశారు. రెండేళ్ళూ, బడి ఉన్న ప్రతిరోజూ నా పొట్టి సంతకం ఉంది. నాకంటే గుండ్రంగా, నాకంటే శ్రద్ధగా పెట్టారు. ఎంత వింతగా ఉందో! నేను లేని చోట నేనెలా ఉన్నానో చూద్దామని ఒక్కో పేజీ తిప్పాను. ఒక వానాకాలంలో మూడు రోజులు సంతకం లేదు. పక్కన ఎర్ర సిరాతో "జ్వరం" అని రాసి ఉంది.

"మాస్టారూ, నాకు జ్వరం కూడా తెప్పించారా?"

"ఏటి సేయమంటావు? రెండేళ్ళలో ఒక్క సెలవైనా లేకపోతే ఇనిస్పెట్రు నమ్ముతాడేటి? టీచర్ లేదని తెలిస్తే ఆ పోస్టే ఎత్తేసేవోరు."

"మరి నా క్లాసులు?"

"నేనే సెప్పాను. పిల్లల్ని ఊరికే కూకోబెట్టాననుకున్నావా?" అని నొచ్చుకున్నారు.

రెండు రోజుల తర్వాత ఆయనే కొత్త పత్రం రాసి తెచ్చారు. సత్ప్రవర్తనా లేదు, మంచి కుటుంబమూ లేదు. "ఆ రెండేళ్ళు ఈమె ఇక్కడ లేదు. హాజరు వేసినది నేను. పాఠాలు చెప్పినది నేను. తప్పు నాది." అంతే, కింద సంతకం, బడి ముద్ర.

"ఆ చివరి ముక్క తీసేయండి మాస్టారూ. మీ పరువు పోతుంది."

"నా పరువు నేను సూసుకుంటాను. నీ బీఎడ్‌ని దొంగ బీఎడ్ అంటే మాత్రం ఊరుకోను."

నాకు ఏడుపొచ్చింది. దాదా ఆ పత్రాన్ని పంపించాడు. మూడు వారాలకు జవాబు వచ్చింది. బీఎడ్ నిజమేనని ఒప్పుకున్నారు. అనుభవం మాత్రం చదువుకి ముందు ఒక ఏడాది, తర్వాత మూడేళ్ళు, మొత్తం నాలుగేళ్ళే. ఏడాది తక్కువ కాబట్టి అనుమతి లేదు.

స్టాఫ్ రూములో మాస్టారికి చదివి వినిపించాను. "అయ్యయ్యో" అన్నారు. కళ్ళజోడు తీశారు, తుడిచారు, మళ్ళీ "అయ్యయ్యో" అన్నారు. అంతలోనే ఉండబట్టలేక, "అయితే వచ్చే ఏడు పదో తరగతికి లెక్కలు నువ్వే కదా?" అని అడిగారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకు ఉద్యోగం పోయిందంటే మీకు సంతోషంగా ఉందా మాస్టారూ?" అని అరిచేశాను.

ఆయన తల వంచుకున్నారు.

"ఉందమ్మా" అన్నారు.