హెర్లిండా వదిన తమాలేలు

హెర్లిండా పోయినప్పుడు స్కూలు ఆఫీసు వాళ్ళు పూలచక్రం పంపారు. రిబ్బను మీద బంగారు అక్షరాలతో "కుటుంబ భాగస్వామ్యానికి ఆదర్శం" అని రాయించారు. ఆమె చూసి ఉంటే, బస్సు పంపమంటే పూలు పంపారేమిటి వదినా అని నన్నే నిలదీసి ఉండేది. ఆమె అడిగేది బతికి ఉన్నన్నాళ్ళూ అదొక్కటే.

మాది టెక్సస్ దక్షిణపు కొసన, నదికి దగ్గరగా ఉన్న ఎల్ నిస్పెరో కాలనీ. తారురోడ్డు మా పోస్టు డబ్బాల దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇళ్ళ దాకా మట్టిదారే. ఎండకి దుమ్ము, వానకి బంక. స్థలాలు అమ్మినవాడు రోడ్డు వేయిస్తానన్నాడు. ఆఖరి స్థలం అమ్ముడుపోయాక మళ్ళీ కనపడలేదు. హెర్లిండా, నేను ఒకే ఏడు అక్కడికి చేరాం. ఆమె చిన్న కూతురు మరిక్రూజ్‌కి జ్ఞానస్నానం చేయించినప్పుడు జ్ఞానతల్లిగా ఎత్తుకున్నది నేనే. ఆనాటి నుంచి మేమిద్దరం వదినా అంటే వదినా అనుకున్నాం.

ఆమె ఉల్లిపాయల షెడ్డులో పనిచేసేది. మొగుడు చేమా ఏడాదిలో సగం ఉత్తరాదిన పొలం పనులకు పోయేవాడు. ఇంట్లో ఉన్న ఒక్క ట్రక్కూ అతనితోనే పోయేది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగిన తంటా అంతా ఆ ట్రక్కు లేకపోవడం వల్లే.

మా స్పానిష్ మాట్లాడే ఇళ్ళ పిల్లలు చదువు మధ్యలో మానేయకుండా కాలేజీ దాకా వెళ్ళాలని ప్రభుత్వం ఒక స్కీము పెట్టింది. ఆఫీసుల్లో మమ్మల్ని హిస్పానిక్కులంటారు. ఇళ్ళలో ఆ మాట ఎవరూ అనరు. స్కీము మంచిదే, దాన్ని ఎవరూ కాదనలేదు. బడి అయ్యాక లెక్కలు, ఇంగ్లీషు, కాలేజీ పరీక్షకు తయారీ, అన్నీ ఉచితంగా చెప్పేవారు. లెక్కల మాస్టారు మరిక్రూజ్ తెలివి చూసి తనే ఫోను చేసి క్లాసులో చేర్చుకున్నాడు. చిక్కల్లా ఒకటే. బడి బస్సు మూడున్నరకి బయలుదేరుతుంది, ఈ క్లాసు ఆరింటికి వదులుతారు. ఊళ్ళో పిల్లలు నడుచుకుంటూ ఇళ్ళకు పోతారు. మా పిల్లలు ఎలా రావాలో ఎవరూ ఆలోచించలేదు.

"ఎవరి కోసం పెట్టారు వదినా ఈ క్లాసు? రెక్కలున్న పిల్లల కోసమా?" అనేది హెర్లిండా, షెడ్డు నుంచి వచ్చి మా గుమ్మంలో కాళ్ళు చాపుకుని.

మరిక్రూజ్ ఒకరోజు చర్చి వంటమనిషి కారులో, ఒకరోజు గ్యాసు సిలిండర్ల బండిలో వచ్చేది. ఒకసారి మాస్టారే దింపాడు. పిల్లల్ని సొంత కారులో ఎక్కించుకోకూడదని రూలట, ఆయనకి మర్నాడు చీవాట్లు పడ్డాయి. ఎవరూ దొరకని రోజున పిల్ల క్లాసు మానేసి మూడున్నర బస్సులోనే వచ్చేసేది. అలా మానగా మానగా ఆఫీసు నుంచి కబురొచ్చింది, ఇలాగే మానుతుంటే సీటు వేరే పిల్లకి ఇచ్చేస్తామని. ఆ రాత్రి హెర్లిండా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. పెద్ద పిల్లలిద్దరూ అప్పటికే బడి మానేసి షెడ్డు పనికి వచ్చేశారు. ఈ ఒక్కతీ మిగిలింది.

తల్లిదండ్రుల మాట వినాలని కూడా స్కీములో రూలుంది. అందుకని మీటింగులు పెట్టేవారు, పొద్దున్న పదింటికి, మనుషులు పనిలో ఉండే వేళకి. కాంటూ గారని మావాడే ఒకాయన వాటిని చూసుకునేవాడు. ఆయన ప్రతిసారీ ముందురోజు హెర్లిండాకి ఫోను చేసేవాడు.

"హెర్లిండా గారూ, మీ తమాలేలు లేకపోతే మీటింగుకి కళ రాదండీ."

ఆమె చేసే తమాలేలు అలాంటివి మరి. పంది కొవ్వు వేసి మొక్కజొన్న పిండిని వెన్నలా గిలకొట్టి, ఎండిన పొత్తు రేకుల్లో పలచగా పూసి, మధ్యలో మిరప కారంతో మాంసం పెట్టి చుట్టి ఆవిరి పట్టేది. తిన్నవాళ్ళు వేళ్ళు కూడా వదిలేవారు కాదు. షెడ్డులో సగం రోజు పని పోగొట్టుకుని, ఎవరి కారో బతిమాలుకుని, గిన్నె మోసుకుపోయేది. ఆమెకి తోడుగా నేనూ వెళ్ళేదాన్ని. బెలూన్లు కట్టి, మా పిల్లల కలల గురించి పెద్ద బ్యానరు వేలాడదీసేవారు.

"కాంటూ గారూ, బస్సు సంగతి," అనేది ఈమె చెయ్యెత్తి.

"రాసుకున్నామండీ."

"పోయినసారీ రాసుకున్నారు."

"ఈసారి ఎర్ర రంగుతో రాశాం చూడండి."

"బస్సుకి డబ్బు లేదా?"

"ఉందండీ, కానీ ఆ పద్దు కింద ఖర్చుపెట్టకూడదు."

"మరి ఈ బెలూన్లు?"

"ఇవి కుటుంబ భాగస్వామ్యం కింద వస్తాయి."

"అయితే మా పిల్లని ఆ బెలూన్లకి కట్టి పంపండి, గాలికి అదే వస్తుంది."

అందరూ నవ్వారు, కాంటూ గారు కూడా. ఆ తర్వాత ఎవరో ఇంకో తమాలే అందుకున్నారు. మీటింగు అయిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని అంది, "నా వంటే నాకు అడ్డం పడుతోంది వదినా. నేను బస్సు అనేసరికి అందరి నోళ్ళూ నిండి ఉంటాయి. ఎవడు మాట్లాడతాడు?"

ఆ శీతాకాలం పై ఆఫీసు నుంచి ఒకావిడ పరిశీలనకి వస్తోందని కాంటూ గారు హడావుడిగా ఫోను చేశాడు. పెద్ద మీటింగు, చాలామందికి తమాలేలు కావాలి. నేను పక్కనే ఉన్నాను. హెర్లిండా గొంతు పెంచలేదు.

"చేస్తానండీ, ఎన్ని కావాలంటే అన్ని. మోసుకురావడమే కుదరదు, చేమా ట్రక్కు పట్టుకుపోయాడు. ముందురోజు మీరే వచ్చి తీసుకెళ్ళండి. క్లాసు వదిలాక బయలుదేరితే మరిక్రూజ్ మీ బండెక్కి దారి చూపిస్తుంది. ఆవిడనీ తీసుకురండి, వేడివేడిగా తినే భాగ్యం దక్కుతుంది."

ఫోను పెట్టేసి నా వంక చూసింది. బయట రెండోరోజు కూడా ముసురు పట్టే ఉంది.

"వాన తగ్గితేనో?" అన్నాను.

"తగ్గకూడదని మొక్కుకో."

మీటింగు ముందురోజు కాలనీ ఆడవాళ్ళమంతా ఆమె వంటింట్లో చేరాం. ఒకరు రేకులు నానబెడితే ఒకరు పిండి పూశారు. పిల్లలు కాళ్ళకి అడ్డం పడుతున్నారు. చీకటి పడుతుండగా పోస్టు డబ్బాల దగ్గర హారను మోగింది. కాంటూ గారూ ఆవిడా మరిక్రూజూ ఉన్న ఆఫీసు వ్యాను తారురోడ్డు దిగి కాస్త దూరం వచ్చి కూరుకుపోయింది. అక్కడి నుంచి కాంటూ గారు ఫోను చేశాడు.

"హెర్లిండా గారూ, బండి కదలడం లేదు. ఎవరి చేతన్నా గిన్నె పంపిస్తారా?"

"ఎవరున్నారండీ పంపడానికి? నడిచి రండి, పిల్లలు రోజూ నడిచే దారే."

పోస్టు డబ్బాల వెనక మా పిల్లలు ఖాళీ బ్రెడ్డు సంచులు దాచుకుంటారు. వానపడితే బూట్ల మీద తొడుక్కుని నడిచి, పొద్దున్న బస్సు ఎక్కేముందు విప్పి మళ్ళీ అక్కడే పెడతారు. మరిక్రూజ్ ఆ సంచులే తీసి ఆ ఇద్దరి కాళ్ళకీ తొడిగించింది. దీపం పట్టుకుని నేను ఎదురెళ్ళాను. పై ఆఫీసు ఆవిడ కాంటూ గారి భుజం పట్టుకుని, ఒక్కో అడుగూ పీక్కుంటూ వస్తోంది. ఒక సంచి బురదలోనే ఉండిపోయింది, దానితో పాటు బూటు కూడా. మరిక్రూజ్ చేత్తో కెలికి తీసిచ్చింది.

"ఇలా రోజూ వస్తావా?" అని ఆవిడ అడిగింది.

"వానపడితేనే ఇలా, మేడమ్. మామూలప్పుడు దుమ్ము ఒక్కటే."

వంటింట్లో ఆవిడ వట్టి కాళ్ళతో పొయ్యి పక్కన కూర్చుని తింది. బస్సు మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తొద్దని హెర్లిండా మాకు ముందే చెప్పింది. కాంటూ గారు గోడకి చేరబడి, తన కాళ్ళకున్న సంచుల వంక చూసుకున్నాడు.

"నేనూ ఇలాంటి కాలనీలోనే పుట్టాను. మా అమ్మ కూడా ఇవే కట్టేది," అన్నాడు.

"మరెప్పుడు మర్చిపోయారు?" అంది హెర్లిండా పళ్ళెంలో ఇంకోటి వేస్తూ.

"మర్చిపోలేదమ్మా. బూట్లు కొనుక్కున్నాను."

ఆమె మిరప పచ్చడి గిన్నె ఆయన వైపు జరిపింది.

ఆవిడ వెళ్ళేముందు మరిక్రూజ్‌ని ఏ క్లాసు, ఏ మాస్టారు అని అడిగి తెలుసుకుంది. క్రిస్మస్ సెలవులు అయ్యాక, క్లాసు పిల్లల్ని దింపడానికి ఒక చిన్న వ్యాను వచ్చింది. ఇళ్ళ దాకా కాదు, పోస్టు డబ్బాల దాకానే. మట్టిదారి ఎవరిదో తేలలేదు కాబట్టి ప్రభుత్వ బండి దాని మీదకి రాకూడదట. హెర్లిండా తల కొట్టుకుని, సరే, ఆ మిగతాది మా కాళ్ళు చూసుకుంటాయిలెమ్మంది. మరిక్రూజ్ సీటు పోలేదు. ఆ పిల్ల ఇప్పుడు యూనివర్సిటీలో ఇంజనీరింగు చదువుతోంది. స్కీము గురించి అచ్చేసిన రంగుల పుస్తకంలో మాత్రం పిల్ల బొమ్మ లేదు, వ్యాను ఊసే లేదు. గిన్నె పట్టుకున్న హెర్లిండా ఉంది.

పోయిన ఏడు ఆమెకి కడుపులో గడ్డ అన్నారు. ఈస్టరు దాకా ఉండలేదు. ఆఖర్న మాట తగ్గిపోయాక కూడా, సాయంత్రం అయ్యేసరికి, వ్యాను వచ్చిందా అన్నట్టు కిటికీ వైపు చూసేది. ఆ పెద్ద గిన్నె మరిక్రూజ్ నాకిచ్చింది. అరమీద పైన పెట్టాను. దించబుద్ధి కాలేదు.

ఈ మధ్య ఆ స్కీము పోయి, వేరే పేరుతో కొత్త స్కీము వచ్చింది. క్లాసు ఉంది, బెలూన్లు ఉన్నాయి. వ్యాను మాత్రం పాత స్కీముదట, ఆపేశారు. పక్కింటి కుర్రాడు మళ్ళీ మూడున్నర బస్సుకే వచ్చేస్తున్నాడు. నిన్న కాంటూ గారు ఫోను చేశాడు. హెర్లిండా లేని లోటు గురించి చాలాసేపు చెప్పాడు. ఊరికే అన్న మాటలు కావవి. తర్వాత కాస్త ఆగి, వచ్చేవారం పెద్ద మీటింగుందని, పై నుంచి మనుషులొస్తున్నారని, తమాలేలు మీకూ వచ్చట కదా అని అడిగాడు.

నాకు మాటలు తొందరగా రావు. గిన్నె వంక చూశాను.

"చేస్తానండీ," అన్నాను. "తీసుకురావడమే కుదరదు. ముందురోజు మీరే రండి, వాళ్ళనీ వెంటబెట్టుకుని, క్లాసు వదిలాక."

అవతల కాంటూ గారి కుర్చీ కిర్రుమంది.

"వానపడేలా ఉందాండీ అక్కడ?" అన్నాడు చివరికి.

"రేడియోలో పడుతుందనే చెప్పారు," అన్నాను. ఫోను పెట్టేసి, స్టూలేసుకుని గిన్నె దించాను.