అంచు దగ్గర తీసిన పోగు

జూలై రెండవ ఆదివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. సన్నని తుంపర, సముద్రం వైపు నుంచి బరువైన గాలి. ఉక్కునగరం గోడకు ఇవతల ఉన్న మా అద్దె ఇంటి హాల్లో నా భార్య చీరలు ఇరవై మూడింటిని చాప మీద పేర్చి, ఒక్కొక్కదానిపై అంకె వేసిన కాగితం ముక్క పెట్టాను. ఆమె పోయి అప్పటికి పద్నాలుగు నెలల ఆరు రోజులు. ఆమె అలమర తెరవడం నాకు అదే మొదలు.

అంతకు ముందు బుధవారం అచ్యుతాపురం నుంచి మరదలు ఫోన్ చేసింది. ఆమె కూతురికి నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకు రెండు బొంతలు కుట్టాలి. మా కుటుంబాల్లో పసిబిడ్డ బొంతకు కొత్త గుడ్డ వాడరు. ఇంటి ఆడవాళ్లు కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలే వాడతారు.

"అక్క సీరలు తొమ్మిది కావాల బావగారూ. అన్నీ నూలే ఉండాల. పోలిస్టర్ కలిసిందంటే పిల్లకి ఒళ్లంతా పేలిపోద్ది."

ఏది నూలో తేల్చి పెడతానని మాట ఇచ్చాను. అది నా వృత్తి. గోనెసంచుల మిల్లులో నారకు తరగతి నిర్ణయించే గదిలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. రైతులు నీళ్లలో నానబెట్టి ఒలిచి తెచ్చిన గోగునారకు పొడవు, రంగు, బలం, తేమ చూసి చీటీ రాసేవాణ్ణి. గోగునార కాండం బెరడులో పుడుతుంది, పత్తి గింజ చుట్టూ పుడుతుంది, పట్టు పురుగు నోట పుడుతుంది, ఉన్ని గొర్రె ఒంటి మీద పుడుతుంది. పత్తీ గోగూ కాగితంలా కాలి మెత్తని బూడిదను మిగులుస్తాయి. పట్టూ ఉన్నీ వెంట్రుకలు కమిలిన వాసన వేస్తాయి. పోలిస్టర్ మాత్రం కరిగి, గోటికి నలగని నల్లని పూస కడుతుంది. మనిషి మాట కన్నా ఆ పూసను నమ్మడం నాకు అలవాటు.

పట్టుచీరలు నాలుగూ పక్కన పెట్టి, మిగిలిన పంతొమ్మిదింటికి కొవ్వొత్తి వెలిగించాను. ప్రతి చీరకూ అడుగంచు దగ్గర ఒక పోగు తీసి, పట్టకారుతో మంట మీద పెట్టి, తెల్ల పింగాణీ పళ్లెంలో రాల్చాను. తొమ్మిది ఇరవైకి ఫలితం తేలింది. నూలు అయిదు, పోలిస్టర్ కలిసినవి పద్నాలుగు. అయిదు వెళ్తే ఇంట్లో పద్దెనిమిది ఉంటాయి. ఆ అంకె చూసినప్పుడు నాకు కలిగింది ఊరట అని ఇక్కడ రాయవలసి ఉంది.

మరదలు పది గంటలకు వచ్చింది. పళ్లెం వైపు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"బొంతకి సీరలడిగితే హోమం సేత్తన్నారేటి బావగారూ?"

"పరీక్ష. నూలు అయిదే ఉన్నాయి."

ఆమె పద్నాలుగింటి దొంతరలోంచి పదకొండో నంబరు చీర లాగి చెంపకు ఆనించుకుంది. "ఇది నూలు కాదా? నా సెంపకి తెలీదేటి?"

"చెంప కొలత కాదు."

"మీ అగ్గిపుల్ల కొలతా? మా అక్క మీతో ఎలా ఏగిందో!" అని టీ పెట్టడానికి వంటింటి వైపు నడిచింది. "సర్లెండి, అయిదే ఇవ్వండి. ఒక బొంతే కుడతాను."

ఆ చీరను కిటికీ వెలుగులోకి తీసుకువెళ్లి అంచు తిరగేశాను. లోపలి వైపు ఫాల్ ఉంది. నా భార్య ఫాల్స్ తానే కుట్టుకునేది. నారలో రవ్వంత రంగు తేడాను పట్టుకునే నా కన్నుకు కూడా అందనంతగా దారం రంగును చీర రంగుతో కలిపింది. నేను కాల్చింది చీర పోగు కాదు, ఫాల్ కుట్టిన పోలిస్టర్ దారం. దొంతరలో మిగిలిన పదమూడింటికీ ఫాల్ ఉంది, నూలని తేలిన అయిదింటికీ లేదు. మిల్లులో ఎవరైనా మోపు లోపలి నార వదిలేసి, మోపు కట్టిన తాడులోంచి నమూనా తీసి ఉంటే, ఆ పూటే గదిలోంచి పంపించేవాణ్ణి.

వంటింట్లో స్టవ్ వెలిగిన చప్పుడైంది. మరదలు అనుమానించింది పదకొండో నంబరు ఒక్కదాన్నే. మిగిలిన పదమూడింటి సంగతి నేను చెప్పకపోతే ఎవరూ అడగరు. గడియారం ప్రకారం నాలుగు నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. అది తెలియక చేసిన పొరపాటా, చీరలు వెళ్లకూడదని నా చేయి చేసిన పొరపాటా? దానికి పరీక్ష లేదు.

"ముందు ఇలా రా. నమూనాలు తప్పు. పద్నాలుగూ మళ్లీ చూడాలి. తప్పు నాదే," అన్నాను.

"మీరా? తప్పా? ఆగండి, ఫోన్లో రికార్డు సేత్తాను!"

ఈసారి పైట చెంగు వైపు నుంచి నిలువు పోగు ఒకటి, అడ్డపోగు ఒకటి తీశాను. ఆమె ముందుగా చెంపకు ఆనించి చెప్పేది, తర్వాత నేను కాల్చేవాణ్ణి. పన్నెండు బూడిద, రెండు పూసలు. ఆమె చెంప ఒక్కసారి కూడా తప్పలేదు.

మొత్తం నూలని తేలిన పదిహేడింటిలోంచి తొమ్మిది ఆమే ఏరుకుంది. బాగా మెత్తబడినవే ఏరింది. అంటే నా భార్య ఎక్కువ రోజులు కట్టినవి.

"మీకేటైనా ఉంచాలా వీటిలో?" అని ఒకసారి అడిగింది.

"నువ్వు అడిగింది తొమ్మిది," అన్నాను.

పన్నెండు నలభైకి ఆమె ఆటో ఎక్కింది. తుంపర ఆగలేదు. రెండో కప్పు కడిగి బోర్లించి, మిగిలిన చీరలను అలమరలో పెట్టే ముందు రెండుసార్లు లెక్కించాను. నూలు ఎనిమిది, పట్టు నాలుగు, పోలిస్టర్ కలిసినవి రెండు. మొత్తం పద్నాలుగు.