రెండో డివిజన్ జట్టు

ఎనభైల మొదట్లో నేపర్‌విల్ నుంచి షికాగో వెళ్లే రైల్లో ఇంగ్లండ్ ఆయనెవరో నా పక్కన కూర్చుని పాత లండన్ పేపర్లో ఫుట్‌బాల్ వార్తలు చదువుతున్నాడు. మీ టీమ్ ఏదని అడిగాను. అందరికీ తెలిసిన పెద్ద క్లబ్బు పేరు చెప్పాడు. కాసేపటికి ఆయన ముఖం ఎర్రబడింది.

"సారీ, అబద్ధం చెప్పాను. మాది సెకండ్ డివిజన్ టీమ్. ఈ సీజన్ అంతా ఓడిపోయి థర్డ్ డివిజన్‌కి పడిపోయింది. మా నాన్న రిటైరయ్యేదాకా ఆ గ్రౌండ్‌లో గడ్డి కత్తిరించేవాడు. అయినా ఆ పేరు చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఇప్పుడు నన్ను చూస్తే నాకే సిగ్గేస్తోంది."

తర్వాత ఆ చిన్న క్లబ్బు పేరు చెప్పాడు. నేనెప్పుడూ వినలేదు.

"మరి మీదే ఊరు?" అన్నాడు.

ఎవరడిగినా హైదరాబాద్ అనేవాణ్ణి. ఆ రోజు "నిడదవోలు" అన్నాను. సరిగ్గా పలకడం వచ్చేదాకా ఆయన ఆ పేరు మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు.