నన్కానా అడగని ప్రార్థన

సౌకార్‌పేటలో మా దుప్పట్ల అంగడికి ఎదురుగా ఒక ముసలి సర్దార్జీ మోటారు సామాన్లు అమ్మేవాడు. పొద్దున అంగడి తెరవగానే నిలబడి, చేతులు జోడించి ప్రార్థన చేసేవాడు. చేజారిపోయిన నన్కానా సాహిబ్ దర్శనం మళ్ళీ ఇప్పించమని అందులో అడగడం వాళ్ళ ఆచారం. అది నానక్ గురువు పుట్టిన ఊరు. ఈయన పుట్టిందీ అక్కడే. దేశం చీలినప్పుడు ఆ ఊరు పాకిస్తాన్‌లో పడింది.

"గురువు పసితనంలో మేపే బర్రెలు ఒకడి చేనంతా మేసేసినాయమ్మా. పోయి చూస్తే చేను చెక్కుచెదరలేదు. అట్టాంటి ఊరు నన్ను వదిలేస్తుందా?" అనేవాడు.

యుద్ధాలొచ్చి దారి మూసుకుంది. మళ్ళీ తెరిచి యాత్రికులను పంపేనాటికి ఆయనకు రెండు కళ్ళూ పోయాయి. వాళ్ళ గుడి పెద్దలు రమ్మన్నా పోనన్నాడు. మర్నాడు ప్రార్థనలో ఆ మాట దాటేశాడు.

"ఏం తాతా, నన్కానా అడగలేదే? కొడుకు చెయ్యి పట్టుకుని పోరాదా? ఆడ మట్టి తొక్కినా చాలదా?" అన్నాను. నాకు మాట దాచుకోవడం రాదు.

"నేనడిగింది చూపమ్మా, తొక్కడం కాదు. కళ్ళున్నన్నాళ్ళూ అడిగినా. ఇప్పుడడిగితే దేవుణ్ణి ఎగతాళి చేసినట్టుంటుంది."

అంత ఆచారం గల మనిషి, చనిపోయేదాకా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.