కొంగ కడుపు

మా బాపు లారీ డోర్ల మీద కొంగలు వేసేవాడు. ఆర్మూర్ మార్కెట్ నుంచి పసుపు బస్తాలతో పోయే లారీల మీద ఎక్కువగా మా కొంగలే ఉండేవి. ఎడమ డోర్ బాపుది, కుడి డోర్ నాది. తొంభైల చివర్లో స్టిక్కర్లు వచ్చాక మమ్మల్ని పిలిచేవాళ్లే లేరు.

అప్పుడే హైదరాబాద్‌లో ఒక కంప్యూటర్ ఆఫీసువాళ్లు బొమ్మలు గీసేవాళ్లు కావాలన్నారు. హెల్మెట్ లాంటిది పెట్టుకుంటే పక్షి మన చుట్టూ ఎగురుతుందట, దాన్ని వర్చువల్ రియాలిటీ అంటారట. కొంగ రెక్క ఎలా ఆడుతుందో వరసగా గీసిస్తే వాళ్లు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. నచ్చితే ఉద్యోగం. కొంగలు నాకు కొట్టిన పిండి కదా అని మురిసిపోయాను.

నేను గీసిచ్చినవి కంప్యూటర్‌లోకి ఎక్కించాక హెల్మెట్ పెట్టుకున్నాను. పక్కనుంచి కొంగ బాగానే వచ్చింది. నెత్తిమీదికి వచ్చేసరికి సన్నటి గీతైపోయింది. లారీ డోర్‌కు కడుపుండదు, నా కొంగకూ లేదు. రెండు పక్కలే గీసి ఇచ్చాను!

"కింది నుంచి రెక్క ఎట్లుంటదమ్మా?" అన్నాడు ఆ ఆఫీసు సారు.

నాకు తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకొక్కసారి చూస్తానన్నాడు.

ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. ఇది కూడా పోతే బాపూ నేనూ ఏం చేసి బతకాలన్నదే ఫికర్. మర్నాడు ఇద్దరం పక్కనున్న ఆలూర్ పోయాం. పసుపు దున్ని తీస్తున్న చేలో నాగలి వెంట కొంగలు తిరుగుతున్నాయి. దుక్కిలోనే వెల్లకిలా పడుకున్నాం.

"గా తండ్రీబిడ్డలకు ఏమైందే? దవాఖానకు తీస్కపోదామా?" అంది పసుపు ఏరే ఒకావిడ.

"ఊకో అక్కా, పని మీదున్నం" అన్నాడు బాపు.

రెక్క దిగేటప్పుడు ఈకలు దగ్గరికి మూసుకుంటున్నాయి. లేచేటప్పుడు మోచెయ్యి మడిచినట్టు ముడుచుకుంటోంది, ఈకల సందుల్లోంచి ఎండ కనబడుతోంది.

"గా ఎండ గూడ గీయాలె బిడ్డా" అన్నాడు బాపు. గీశాను, చెరిపాను, మళ్లీ గీశాను. దేని మీదా నమ్మకం కుదరలేదు.

రెండోసారి బాపుని వెంట తీసుకెళ్లాను. కొత్త బొమ్మలు ఎక్కించాక, హెల్మెట్ బాపుకే పెట్టమన్నాను. కంప్యూటర్ తెర వైపు చూసే ధైర్యం లేక బాపు మెడనే చూస్తూ నిలబడ్డాను. ఉన్నట్టుండి బాపు తల వంచి, రెండు చేతులతో నెత్తి కప్పుకున్నాడు.

సారు పకపకా నవ్వి, "సోమవారం నుంచి రామ్మా" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

బాపు ఇంకా వంగే ఉన్నాడు.

"పోయిందా బిడ్డా?" అని అడిగాడు.