ఏడు మధ్యాహ్నాల నీళ్ల చప్పుడు

నాకు జీవితంలో తగాదాలన్నీ మనుషులతోనే. ఎవరైనా దయ్యమనో గాలి సోకిందనో మొదలుపెడితే లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పటికీ అంతే. అయినా ఆళ్లగడ్డలో మా అమ్మ ఇంట్లో ఏడు మధ్యాహ్నాలు చెవులారా విన్నదాన్ని విననట్టు రాయలేను.

ఎనభైల చివర సంగతి. నా తొలి బిడ్డ, ఆడపిల్ల, నెల ముందే పుట్టింది. ఇరవయ్యో రోజున మాడు ఉబ్బినట్టు నా చేతికి తగిలింది. ఆళ్లగడ్డ డాక్టరు చూసి, "మొదటి కాన్పు కదమ్మా, అన్నీ భయాలే" అని నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. స్కానింగుకు చీటీ రాసిచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు.

మరునాడు అమ్మా నేనూ పాపను ఎత్తుకుని బస్సులో నంద్యాల వెళ్లాం. అక్కడ ఒక ఆసుపత్రికి స్కానింగు మిషను కొత్తగా వచ్చింది. పొద్దున వెళ్తే మధ్యాహ్నం దాకా బల్ల మీదే కూర్చోబెట్టారు. మా వెనక వచ్చిన ఇద్దరిని ముందు పిలిచారు.

పసిబిడ్డ మాడుకు ఆముదం అద్దడం మా వైపు అలవాటు. ఆ రోజు భయంతో అమ్మ మామూలుకన్నా ఎక్కువే పెట్టింది.

"ఏందమ్మా ఇది, బజ్జీలు కాలుస్తావా ఈ నూనెలో?" అన్నాడు స్కానింగు డాక్టరు.

"నీ మాడుకూ మీయమ్మ పెట్టే ఉంటాదిలే నాయనా. ఊరికే పెద్దోనివైనావా?" అంది అమ్మ.

ఆయన తుడవబోయి, ఆగి, ఆ ఆముదం మీదే మిషను కొన ఆనించాడు. మాడు దగ్గర ఎముక ఇంకా మూసుకోదు కాబట్టి తల లోపలంతా అక్కడినుంచే కనిపిస్తుందట.

కిటికీలకు నల్లగుడ్డలు కట్టిన గది. తెర మీద బూడిదరంగు మంచు కదులుతోంది. దాని నడుమ రెండు నల్లని మడుగులు, రెక్కల్లా వంగి ఉన్నాయి. ఏదో లోతైన నీళ్ల ఒడ్డున నిలబడినట్టు అనిపించింది నాకు. ఆయన ఒక్కో మడుగుకు ఈ అంచున ఒక గుర్తు, ఆ అంచున ఒక గుర్తు పెట్టి కొలిచాడు. మూడుసార్లు కొలిచాడు. ఎడమ పద్దెనిమిది మిల్లీమీటర్లు, కుడి పదహారు.

మెదడు లోపల నీళ్లుండే గదులు పెద్దవయ్యాయన్నాడు. వారం తర్వాత మళ్లీ కొలవాలి, ఇంకా పెరిగితే కర్నూలులో తలలో గొట్టం వేయించాలి. బిడ్డ దక్కుతుందా అని అడిగితే, "ఇప్పుడే ఏం చెప్పలేం" అన్నాడు, నా మొహమైనా చూడకుండా.

మరునాటి మధ్యాహ్నం పాప పక్కన కునుకు పట్టింది. పెరట్లో నీళ్లు పోసుకునే బండ మీద ఎవరో చెంబుతో కొంచెం కొంచెంగా నీళ్లు వంపుతున్న చప్పుడు. లేచి చూస్తే బండ ఎండకు కాలిపోతోంది, తడి లేదు. వచ్చి పడుకుంటే మళ్లీ అదే చప్పుడు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. గడియారం చూశాను. రెండున్నర నుంచి మూడు దాకా.

పక్కింటి రంగమ్మ నేను లేచి వెళ్లేలోపే మా పెరటి తొట్టిలో నీళ్లు తోడుకుపోతోందని తేల్చుకున్నాను. నాలుగో రోజు చప్పుడు మొదలవగానే వెళ్లి గొడవ పెట్టుకున్నాను.

"మీ నీళ్లు నాకేం ఖర్మ! రా, ఈడనే చూసుకో" అని ఆమె నా చెయ్యి పట్టి పెరడంతా తిప్పింది. బిందెలన్నీ బోర్లించి ఉన్నాయి. అంతటితో ఆగక, నన్ను దులిపేయడానికి మా ఇంట్లోకే వచ్చింది. పాప మంచం దగ్గరికి రాగానే పెరటి వైపు చెవి పెట్టింది.

"ఎవరు పోస్తాండారు?" అంది మెల్లగా.

"అదే కదా నేనడిగేది!"

పెరట్లో ఎవరూ లేరు. అమ్మ మంచం పక్కన నేల మీద చాప వేసుకుని నిద్రపోతోంది. మరునాడు తొట్టిలో నీటి మట్టం దగ్గర బొగ్గుతో గీత గీసి మరీ చూశాను. చప్పుడు వచ్చింది కానీ నీళ్లు తగ్గలేదు.

ఆ చప్పుడు భయపెట్టేది కాదు. వింటుంటే ఒళ్లు తేలికై, ఇల్లంతా నీళ్ల మీద తేలుతున్నట్టు ఉండేది. ఆ అరగంటా పాప కళ్లు తెరిచి, ఏడవకుండా పడుకునేది. ఏడో రోజు చప్పుడు సన్నబడింది. చుక్కలు చుక్కలుగా పడి, ఆగిపోయింది.

మళ్లీ నంద్యాల వెళ్లాం. డాక్టరు కొలిచాడు, మిషను మీద ఏవో తిప్పి మళ్లీ కొలిచాడు. ఎడమ తొమ్మిది, కుడి ఎనిమిది. మొదటి స్కానింగు ఫొటో పక్కన పెట్టుకుని రెండూ మార్చి మార్చి చూశాడు.

"దానంతట అది తగ్గడం ఉంటాది. ఇంత తొందరగా నేను చూడలేదు" అన్నాడు.

"అయితే మొన్న తప్పు కొలిచినారా? ఆముదం వల్ల తేడా వచ్చిందా?"

"ఆముదంతో బొమ్మ ఇంకా బాగా పడింది. మూడుసార్లు కొలిచినా."

"తప్పు కొలిచినానని ఒక ముక్క రాసియ్యండి. వారం దినాలు ఏడిపించినారు మమ్మల్ని."

"తప్పు కొలవనిది ఎట్లా రాసేది?"

అమ్మ నా చెంగు లాగింది. "బిడ్డ బాగైందంటే దానికీ తగాదానా? బేగా లెయ్, బస్సు పోతాది."

ఆ కాగితం కోసం తర్వాత రెండుసార్లు నంద్యాల వెళ్లాను. ఆయన రాయలేదు. పాప తల అందరు పిల్లల తలల్లాగే పెరిగింది. రెండు ఫొటోలూ నా దగ్గరే ఉన్నాయి. మొదటి కొలత తప్పని ఆయన రాసిచ్చి ఉంటే, రంగమ్మా నేనూ ఎండకు ఏదో భ్రమపడ్డామని సరిపెట్టుకునేదాన్ని. కానీ ఆయన సరిగ్గానే కొలిచాడు. ఆ చీకటి గదిలో ఆ మూడుసార్లూ నేనూ చూశాను. మరి పాప తలలోంచి అన్ని నీళ్లు ఎవరు తోడారో, తీసుకెళ్లి ఎక్కడ పారబోశారో నాకు ఈనాటికీ తెలియదు.